ఇంట్లో మాట్లాడే భాష

నాకు అనుమానం ఎక్కువ. ఈ సంగతి మా ఆయన పెళ్లయిన మొదటి నెలలోనే కనిపెట్టి, అప్పటినుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్విస్తూనే ఉన్నాడు. షాపులో ఒకటి కొంటే ఇంకొకటి ఉచితం అని రాసుంటే, ఆ రెండోదాని గడువు తేదీ చూసేదాకా నా చెయ్యి దాని మీదకు పోదు. డాక్టరు "అంతా బాగానే ఉంది, ఆర్నెల్లకు మళ్లీ రండి" అంటే, బాగానే ఉంటే మళ్లీ రమ్మనడం దేనికని మొహం మీదే అడిగినదాన్ని. ఈ బుద్ధి వల్ల కొన్నిసార్లు బాగుపడ్డాను, కాదనను. కానీ ఒకసారి నా అనుమానాన్ని తీసుకెళ్లి ఒక పన్నెండేళ్ల పిల్ల చదువు మీద రుద్దాను. అది చెప్పుకోవాలి.

మేం ఉండేది మెల్‌బోర్న్‌కి పడమటి వైపు, ట్రుగనీనాలో. మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న హైస్కూల్లో నాదొక చిన్న ఉద్యోగం. టీచర్ని కాను. కొత్తగా వచ్చిన కుటుంబాలకూ బడికీ మధ్య మాట అందించడం, ఫారాలు నింపడానికి సాయపడటం, అవసరమైతే పిల్లల పక్కన కూచోవడం. ఇక్కడ ఆరో తరగతితో చిన్న బడి అయిపోతుంది. ఏడో తరగతికి హైస్కూలు. వేరే యూనిఫాం, పీరియడ్‌ పీరియడ్‌కీ వేరే గది, వేరే టీచరు. జనవరి చివర్లో చేరబోయే పిల్లలు ఏ సబ్జెక్టులు తీసుకుంటారో నవంబరులోనే రాసి ఇవ్వాలి. లైబ్రరీలో ఒక మూల నాకో బల్ల వేస్తారు. తెలుగువాళ్లంతా నా బల్ల దగ్గరికే.

నిజానికి ఆ ఫారంలో కొంప మునిగేదేమీ లేదు. ఫ్రెంచా జపనీసా, గిటారా నాటకమా, లెక్కల్లో పై గ్రూపు పరీక్ష రాస్తారా, అంతే. కానీ మనవాళ్లు ఊరుకుంటారా? జపనీస్ తీసుకుంటే మెడిసిన్‌కి పనికొస్తుందా అని అడుగుతారు. గిటారు పీరియడ్‌ తీసేసి ఇంకో లెక్కల పీరియడ్‌ వేయించలేమా అని బతిమాలతారు. పైగా ఒకళ్లు ఏం రాశారో ఇంకొకళ్లకు తెలియకూడదు. ముందు కుటుంబం లేచి వెళ్లేదాకా వెనక కుటుంబం పుస్తకాల అరల దగ్గర నిలబడి అట్టలు చూస్తుంటుంది. వెళ్లేవాళ్లను ఆపి "మీ వాడికేం పెట్టారండీ?" అంటే, సంతకం ఆరకముందే ఫారం నాలుగు మడతలు పెట్టి "అబ్బే, ఇంకా ఏం అనుకోలేదండీ" అంటారు. దిష్టి భయం కొంత. మనం చెబితే వాళ్లూ అదే పెట్టేస్తారన్న బాధ కొంత. నవ్వొచ్చేది గానీ తప్పు పట్టేదాన్ని కాదు. నేనూ ఆ తానులో ముక్కనే.

నా అనుమానమంతా మొదటి పేజీలో ఉన్న ఒక గడి మీద. 'ఇంట్లో మాట్లాడే భాష' అని ఉంటుంది.

మా అమ్మాయి ఏడులో చేరినప్పుడు ఆ గడిలో గుండ్రటి అక్షరాలతో, గర్వంగా 'తెలుగు' అని రాశాను. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. నేను ఇంగ్లీషులో మాట్లాడితే నన్నే దిద్దుతుంది. అలాంటి పిల్లను మొదటి టర్మ్‌లో తీసుకెళ్లి ఇంగ్లీషు సాయం క్లాసులో కూర్చోబెట్టారు. అది కొత్తగా ఈ దేశం వచ్చిన పిల్లల కోసం పెట్టిన క్లాసు. పదిమంది పిల్లలు, ఒక టీచరు, వారానికి ఐదు పీరియడ్లు. ఆ పీరియడ్లలో మిగతావాళ్లు ఫ్రెంచో జపనీసో నేర్చుకుంటారు. పిల్ల ఇంటికొచ్చి బ్యాగ్ విసిరికొట్టి, "మమ్, దే థింక్ ఐ కాంట్ స్పీక్ ఇంగ్లీష్!" అని ఏడ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు వెళ్లి పొరపాటు జరిగిందని రాయించుకున్నాను గానీ, మార్చడానికి టర్మ్ అంతా పట్టింది. పొరపాటు కాదని నాకు ఖాయమైపోయింది. ఒంటి రంగు చూస్తారు, ఆ గడి చూస్తారు, పక్కకు తోస్తారు. ఇంకేం ఆలోచించరు. అలా అనుకున్నాను.

తర్వాత అదే బడిలో నాకు ఉద్యోగం వచ్చింది. నా బల్ల దగ్గరికొచ్చిన ప్రతి తెలుగు తల్లికీ, చుట్టూ చూసి, గొంతు తగ్గించి ఒకటే చెప్పేదాన్ని. "అక్కడ ఇంగ్లీష్ అని రాసెయ్యమ్మా. తెలుగు అని రాశావా, పిల్లని తీసుకెళ్లి వెనక బెంచీలో వేస్తారు." ఎవరూ ఎదురు చెప్పలేదు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు కాబట్టి ఏమీ కాలేదు కూడా. ఏమీ కాకపోయేసరికి నా మాటకు విలువ పెరిగింది.

మూడేళ్ల కిందట నవంబరులో ఒక తల్లీ కూతురూ వచ్చారు. కరీంనగర్ వైపు వాళ్లు. తండ్రి ఏడాది ముందే ఉద్యోగం మీద వచ్చి ఇల్లు చూసుకున్నాడట, వీళ్లు దిగి మూడు వారాలే అయింది. పిల్ల సన్నగా, రెండు జడలతో, తల వంచుకుని కూచుంది. తల్లి ప్లాస్టిక్ కవర్లోంచి సర్టిఫికెట్లన్నీ తీసి బల్ల నిండా పరిచింది. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, మళ్లీ తొంభై ఎనిమిది.

"మా బిడ్డ ఎల్‌కేజీ కాంచి ఇంగ్లీష్ మీడియమే అక్కా. జపనీస్ నేర్చుకుంటనంటున్నది."

ఆవిడ పెన్ను ఆ గడి మీద ఆగింది. "గిక్కడ తెలుగు అని రాయాల్నా?"

"రాయకు," అన్నాను. నా పాఠం అప్పజెప్పాను. వెనక బెంచీ సంగతి, మా అమ్మాయి ఏడుపు, అన్నీ. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని విని, ఇంగ్లీష్ అని రాసింది.

పిల్ల అప్పుడు మెల్లిగా తల్లి మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, మనం ఇంట్ల ఇంగ్లీష్ మాట్లాడం గదా?" అంది.

"ఊకో. ఆంటీకి తెల్వదా?"

ఇంగ్లీష్ మీడియం అంటే ఏమిటో నాకు మాత్రం తెలియదా! నేను చదివిందీ అలాంటి బడే. పుస్తకం ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు, టీచరు నోరు తెరిస్తే తెలుగు. ఆ పిల్ల రాతలో తప్పు ఉండదు గానీ, ఇక్కడివాళ్లు పదాలు మింగేస్తూ గడగడా మాట్లాడితే చెవికి ఆనదు. అది నాకు ఆ క్షణంలో తట్టాలి. తట్టలేదు. నా కళ్లకు ఆ గడి తప్ప ఇంకేం కనపడలేదు.

రెండు రోజులకు ఏడో తరగతి చూసుకునే కోఆర్డినేటర్ నన్ను పిలిచింది. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది ఆవిడ. ఆ నవ్వంటేనే నాకు అనుమానం. ఆ పిల్ల ఫారం ఎదురుగా పెట్టుకుని, "వచ్చి మూడు వారాలే కదా, ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటేనా? మీరే చూశారా ఈ ఫారం?" అంది. వల వేస్తోందే అనుకున్నాను.

"ఇండియాలో చాలా ఇళ్లలో అంతే," అన్నాను. "చిన్నప్పటినుంచీ ఇంగ్లీషు చదువే."

"సరే. డిసెంబరులో పిల్లలు బడి చూడటానికి వస్తారు కదా, ఆ రోజు తనతో ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడతాను."

ఇంకేముంది, పరీక్ష పెడుతోంది! ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేసి పిల్లను మా ఇంటికి తీసుకురమ్మన్నాను. కోఆర్డినేటర్ ప్రతి పిల్లనూ అడిగేవి మూడే ప్రశ్నలు, అదే వరస. పక్కన కూచుని ఎన్నిసార్లు వినలేదు నేను! పిల్లను మా వంటింటి బల్ల దగ్గర కూచోబెట్టి నేర్పాను. ఇంట్లో ఏం మాట్లాడతారు అంటే, 'మోస్ట్‌లీ ఇంగ్లీష్, మిస్.' ఏ సబ్జెక్టు ఇష్టం అంటే, 'మ్యాథ్స్, మిస్, బికాజ్ ఇట్స్ లాజికల్.' ఇంగ్లీషు కష్టంగా ఉందా అంటే, 'నాట్ రియల్లీ.'

"చివర్న కొంచెం నవ్వాలి. నవ్వడం మర్చిపోకు," అన్నాను.

"ఆంటీ, వేరేది అడిగితే?"

"అడగదు."

మా అమ్మాయి ఫ్రిజ్ దగ్గర నిలబడి అంతా విని, పిల్ల వెళ్లాక, "మమ్, దట్స్ సో డాజీ," అంది. మోసం అనడానికి ఇక్కడి పిల్లల మాట అది. నోర్మూసుకోమన్నాను. నీ కోసం పడ్డ బాధే ఇదంతా అన్నాను. అది భుజాలెగరేసి వెళ్లిపోయింది.

వేరేది అడగలేదు. డిసెంబరులో ఆ రోజు పిల్ల మూడూ అప్పజెప్పింది, చివర్న నవ్వింది. కోఆర్డినేటర్ నా వైపు తిరిగి, "మీకు ఆ కుటుంబం తెలుసు కదా. మీరు సరేనంటే నాకది చాలు," అని సంతకం పెట్టేసింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని ఆ మాటనూ అనుమానించాను. నన్ను నమ్మి పెట్టిందని మాత్రం అనుకోలేకపోయాను.

అలా ఆ పిల్ల జపనీస్ క్లాసుకు వెళ్లింది. ఇంగ్లీషు సాయం క్లాసులో దానికి రావలసిన కుర్చీ ఇంకెవరికో వెళ్లింది.

ఫిబ్రవరి రెండో వారంలో ఆ పిల్లను మొదటిసారి బడిలోని పడక గదిలో చూశాను. ఒంట్లో బాగాలేని పిల్లలు కాసేపు పడుకోవడానికి ఆఫీసు పక్కనే ఉంటుంది ఆ గది. కడుపు నొప్పంది. నాలుగు రోజులకు మళ్లీ కడుపు నొప్పి. మార్చి వచ్చేసరికి వారానికి మూడుసార్లు. ఇక నేను ఆగుతానా? ఆఫీసులో ఉన్న రిజిస్టరు తిరగేశాను. సైన్సు పీరియడ్, సోషల్ పీరియడ్, ఇంగ్లీషు పీరియడ్. లెక్కల పీరియడ్‌లో ఒక్కసారి కూడా నొప్పి రాలేదు.

ఓహో, ఇదన్నమాట అనుకున్నాను. ఎవరో ఏడిపిస్తున్నారు. లంచ్ టైంలో కిటికీ పక్కన నిలబడి కాపలా కాశాను. పిల్ల ఒక్కతే మెట్ల మీద కూచుని డబ్బాలో పులిహోర తింటోంది. కాస్త దూరంలో నలుగురు అమ్మాయిలు విరగబడి నవ్వుతున్నారు. వీళ్లే! సోషల్ టీచరు మీద కూడా అనుమానం వచ్చింది. అతను హడావిడిగా మాట్లాడే మనిషి, మన పిల్లల పేర్లు సరిగ్గా పలకడు. పిల్లను పక్కకు పిలిచి "ఎవరన్నా ఏమన్నా అంటున్నారా తల్లీ? భయపడకు, నాతో చెప్పు," అంటే, "ఏం లేదు ఆంటీ," అంది కిందకు చూస్తూ. చూశావా, బెదిరించి పెట్టారు అనుకున్నాను. నన్ను చూసే ఆ పిల్ల తల వంచుకుందని కలలో కూడా అనుకోలేదు.

తిన్నగా కోఆర్డినేటర్ గదికి వెళ్లాను. "మా పిల్లను ఎవరో వేధిస్తున్నారు. క్లాసులో కూచోలేకపోతోంది. మీరు పట్టించుకోకపోతే నేను పైకి రాస్తాను," అన్నాను. గొంతు బాగానే లేచిందనుకుంటా, పక్క గదిలోంచి ఎవరో తొంగి చూశారు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. మర్నాడే తల్లినీ పిల్లనూ పిలిపించింది. తల్లికి ఇంగ్లీషు రాదు కాబట్టి మాట అందించడానికి నేనుండాలి. నేనే పెట్టించిన మీటింగు, నేనే దుబాసీని.

చిన్న గది. నాలుగు కుర్చీలు. కోఆర్డినేటర్ పిల్ల వైపు వంగి మెల్లిగా చెప్పింది. "నీ భాషలో చెప్పు. తొందరేం లేదు. నువ్వు చెప్పింది చెప్పినట్టు తను నాకు చెబుతుంది."

నేను దాన్ని తెలుగులో చెప్పాను. పిల్ల మొదట తల్లిని చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత బల్ల మీద రెండు చేతులూ పెట్టి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"నన్ను ఎవ్వరు ఏం అంటలేరు. టీచర్లు మాట్లాడేది నాకు సమజైతలేదు. బోర్డు మీద రాస్తె సమజైతది, నోటితోటి చెప్తె కాదు. అందరు నవ్వితె నేను గూడ నవ్వుతున్న. ఏదన్న అడుగుతరేమో అని భయమైతది, గప్పుడు కడుపుల నొస్తది. మిస్ అప్పుడు అడిగిన మూడు ప్రశ్నలకు నేను చెప్పినయి నా జవాబులు కావు. ఆంటీ నేర్పించింది. ఇంట్ల ఇంగ్లీష్ అని రాయమన్నది గూడ ఆంటీనే. నేను కాదని చెప్పిన. ఎవ్వరు వినలే."

తల్లి నోటి మీద కొంగు పెట్టుకుంది. గదిలో ఈ మాటలు అర్థం కానిది కోఆర్డినేటర్ ఒక్కర్తే. ఆవిడ పెన్ను పట్టుకుని నా వైపే చూస్తోంది.

సిగ్గు, కోపం, ఏది ఎంతో చెప్పలేను. ఈ పిల్లకు నేను మంచే కదా చేయబోయింది అని ఒళ్లు మండింది. ఉద్యోగం పోతుందని భయం వేసింది. తర్జుమా మొదలుపెట్టాను. టీచర్ల మాట అర్థం కావడం లేదన్నది చెప్పాను. బోర్డు సంగతి, నవ్వు సంగతి, కడుపు నొప్పి సంగతి పొల్లు పోకుండా చెప్పాను. జవాబుల దగ్గరికి వచ్చేసరికి నా నాలుక దానంతట అదే పక్కకు తిరిగింది.

"ఫారంలో అలా రాయమనీ, అలా జవాబు చెప్పమనీ తెలిసినవాళ్లెవరో సలహా ఇచ్చారట," అన్నాను ఇంగ్లీషులో.

కోఆర్డినేటర్ రాసుకోబోయింది.

"నో, మిస్," అంది పిల్ల.

మా ముగ్గురి తలలూ అటు తిరిగాయి. పిల్ల వెతుక్కుంటూ, ఒక్కొక్క మాటే తెచ్చి పెట్టింది.

"నాట్ సమ్‌వన్. ఆంటీ. దిస్ ఆంటీ టోల్డ్."

ఎవరూ నేర్పకుండా ఆ బడిలో ఆ పిల్ల గొంతెత్తి మాట్లాడిన ఇంగ్లీషు అదే మొదలని తర్వాత టీచర్లు అన్నారు.

"అవును," అన్నాను. "నేనే." తర్వాత మొత్తం చెప్పేశాను. మా అమ్మాయి సంగతి, ఇన్నేళ్లుగా అందరికీ గుసగుసగా చెబుతున్న సంగతి, వంటింటి బల్ల, నవ్వమన్న సంగతి కూడా. కోఆర్డినేటర్ మధ్యలో ఒక్కసారే ఆపింది. "మీ అమ్మాయి బడి చూడటానికి వచ్చిన రోజు మా ప్రశ్నల్లో ఒక్కదానికీ నోరు విప్పలేదు, మీకు తెలుసా? ఆ గడి చూసి కాదు, అది చూసి పంపాం," అంది. నాకు తెలియదు. నిజమో కాదో ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు. మా అమ్మాయిని అడిగితే గుర్తు లేదంటుంది.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వచ్చే ఏడాది నుంచి ఫారాల బల్ల దగ్గర నేను ఒక్కదాన్నే కూచోకూడదని, పక్కన ఇంకొకరుంటారని మాత్రం చెప్పింది. తర్వాత పిల్ల వైపు తిరిగి, ఒక్కో మాట విడదీసి పలుకుతూ కొత్త టైంటేబుల్ వివరించింది. సోమవారం నుంచి జపనీస్ బదులు ఇంగ్లీషు సాయం క్లాసు. కుర్చీలు నిండాయి, అయినా ఇంకొకటి వేయిస్తాను. లెక్కల్లో పై గ్రూపు అలాగే ఉంటుంది. ఇది శిక్ష కాదు, వెనక్కి వేయడం కాదు. వచ్చే ఏడాది కావాలంటే మళ్లీ జపనీస్ తీసుకోవచ్చు.

"ఇదంతా వాళ్లమ్మగారికి చెప్పండి," అంది నాతో.

చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. అంత జాగ్రత్తగా నా జన్మలో ఎవరి మాటా ఎవరికీ అందించి ఉండను. చెప్పడం అయిపోయింది. తల్లి నా మొహంలోకి చూసింది. నేను వెనక బెంచీ అన్నప్పుడు కళ్లు పెద్దవి చేసుకుని విన్న మనిషే. ఇప్పుడు కళ్లు చిన్నవి చేసుకుని చూసింది. చూసి, నాకు జవాబివ్వకుండా కూతురి వైపు తిరిగింది.

"టీచర్ గట్లనే చెప్పిందా బిడ్డా? నీకెంత సమజైతె అంత చెప్పు."

పిల్ల ఆలోచించింది. "సోమవారం నుంచి వేరే క్లాసు. జపనీస్ ఉండదు ఇప్పుడు. పనిష్‌మెంట్ కాదంట." అక్కడ ఆగి, కోఆర్డినేటర్‌ని "మ్యాథ్స్ సేమ్, మిస్?" అని అడిగింది. ఆవిడ తలూపింది. "లెక్కలు గట్లనే ఉంటయంట."

నేను గుడ్లప్పగించి ఆ పిల్ల నోటి వంకే చూస్తున్నాను. ఎక్కడ తప్పుతుందో అని కాదు, నన్ను ఎక్కడ తప్పంటుందో అని. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో తెలుగువాళ్లు నేను చెప్పిందే వేదమనుకున్నారు. ఆ రోజు నా మాటకు, ఇంగ్లీషు రాక కడుపు పట్టుకు పడుకున్న పిల్ల సాక్ష్యం కావాల్సి వచ్చింది.

తల్లి అంతా విని, కొంగు సర్దుకుని, నా వైపు తిరిగింది.

"సరే అక్కా. ఈసారి మీరు నిజమే చెప్పిండ్రు," అంది.